డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం: సారె బండిలో బొబ్బిలి నుంచి కళింగపట్నానికి

బొబ్బిలి నుంచి కళింగపట్నానికి సారెతో వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దారి గురించి ఏం అడిగినా తడుముకోకుండా చెబుతాను. బండి గురించి మాత్రం ఆ రోజంతా అయోమయంలోనే ఉన్నాను, ఇప్పటికీ పూర్తిగా బయటపడ్డానని చెప్పలేను. నాకు స్కూటీ తప్ప ఇంకేదీ నడపడం రాదు. విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే మనిషిని. కాబట్టి ఇందులో ఇంజనీరింగ్ కోసం వెతక్కండి. కారు బోల్తా పడటం గురించి ఎన్నడూ ఆలోచించని నేను, ఒక్క పూటలో దాని గురించి కనిపించినవాళ్లందరినీ అడిగి, తలా ఒక జవాబూ విని, ఇంకా గందరగోళపడ్డాను. అదీ సంగతి.

మా చెల్లెలు గౌరి కాన్పుకి బొబ్బిలిలో మా ఇంటికి వచ్చింది. పాపకి మూడో నెల నిండింది. శ్రావణం రాగానే, ఇక పిల్లని తీసుకురమ్మని కళింగపట్నం నుంచి గౌరి అత్తగారు కబురు పెట్టారు. మా వైపు బిడ్డతల్లిని వట్టి చేతులతో పంపరు. సారె పెట్టాలి. అరిసెలు, మినపసున్నుండలు, చలిమిడి, అరటి గెలలు, కొబ్బరికాయలు, ఇత్తడి బిందె, పాపకి ఉయ్యాల. అక్కడ అత్తగారు వాటిని వీధిలో ఇంటింటికీ పంచుతారు. పంచేది తర్వాత సంగతి. ముందు సారె వచ్చేటప్పుడే ఊరు చూడాలి. అందుకని గంపలన్నీ కారు టాప్ మీద క్యారియర్‌కి కట్టి, ఎర్ర గుడ్డ కప్పి, గుడ్డ కింద నుంచి అరటి గెలలు బయటికి వేలాడేలా పెడతారు. ఇప్పుడు మీకు నవ్వొస్తుందేమో కానీ, ఆ ఉదయం మా వీధిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ముందురోజు సాయంత్రమే విజయనగరం నుంచి రైల్లో బొబ్బిలి చేరుకున్నాను. మీరూ బయటి ఊరి నుంచి వస్తుంటే అదే తేలిక. బస్సుకంటే చవక, కిటికీలోంచి వరిచేలు చూసుకుంటూ రావచ్చు. తెల్లారాక సింహాచలం మావయ్య తన బండి తెచ్చాడు. మాకు చుట్టం కాదు. మా వీధి చివర ఉంటాడు, చిన్నప్పటి నుంచి అందరం మావయ్యనే అంటాం. బండి ఏడుగురు పట్టే పొడుగాటి కారు, నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. డీజిలుతో కలిపి రానూ పోనూ నాలుగున్నర వేలకి ఒప్పుకున్నాడు. గంపలు ఎక్కించడానికి ముగ్గురు మగాళ్లు నిచ్చెన వేసుకుని గంటసేపు తంటాలు పడ్డారు. అమ్మ కింద నిలబడి, బిందె ముందుకి కట్టండి, గెల పక్కకి జరపండి అని పెత్తనం చేసింది. కొబ్బరికాయల బస్తా కారు వెనక పెట్టుకుందాం, చోటుంది కదా అన్నాను నేను. అది కేవలం నిచ్చెన ఎక్కే శ్రమ తగ్గుతుందని అన్న మాట, అంతకుమించి తెలివి నాకు లేదు.

"లోపల దాసుకుని తీసుకెళ్తే ఏటనుకుంతారే? సారంటే నలుగురూ సూడాల," అంది అమ్మ. బస్తా పైకే వెళ్లింది.

ఏడున్నరకి బయల్దేరాం. ముందు సీట్లో నేను, మధ్యలో గౌరి, పాప, అమ్మ. నిమ్మకాయలు తొక్కించి, స్టీరింగుకి దండం పెట్టుకుని, మావయ్య స్టీరింగు పక్కన ఉన్న ఒక చిన్న మీటని వేలితో నొక్కి కాసేపు పట్టుకున్నాడు. ఎదురుగా డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. కారు బొమ్మ, దాని వెనక పాము పాకినట్టు రెండు వంకర గీతలు. అదేమిటని అడిగాను.

"అది నొక్కితే బండికి బలం వస్తాది అమ్మీ," అన్నాడు. "కళింగపట్నం ఇసకలో ఓసారి దిగబడిపోయేను. ఎంత తొక్కినా ఇంజను ఊపిరి పీల్సుకోనేదు. అక్కడెవులో ఇది నొక్కమన్నాడు. నొక్కేను, బండి గెంతుకుంటూ పైకొచ్చీసింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నొక్కుతాను."

నిమ్మకాయ, దండం, మీట. మూడూ ఒకే వరసలో అలవాటైపోయాయి ఆయనకి. నాకు ఆ జవాబు చాలా బాగా నచ్చింది. దీపం వెలిగింది కదా, వెలిగిందంటే ఏదో పని చేస్తున్నట్టే కదా అనుకున్నాను.

బొబ్బిలి నుంచి రాజాం రోడ్డు మామూలుగా అయితే ముప్పావుగంట ప్రయాణం. సన్నగా జల్లు పడుతోంది, రెండు పక్కలా ఊడ్పులు జరుగుతున్నాయి. ఒక మలుపు దగ్గర మావయ్య ఎప్పటిలాగే తిప్పాడు. బండి తిరిగింది కానీ మా నెత్తి మీద ఉన్న గంపలు తిరగడానికి ఇంకొంచెం సమయం తీసుకున్నట్టు అనిపించింది. తాళ్లు కిర్రుమన్నాయి, కారు ఒక పక్కకి ఒరిగి, ఆ ఒరుగులోనే కాసేపు ఉండిపోయి, తర్వాత లేచింది. గౌరి పాపని గుండెకి అదుముకుంది. గతుకుల రోడ్డు అని నాకు నేను చెప్పుకున్నాను, రోడ్డు మాత్రం నున్నగానే ఉంది.

రాజాంలో బస్టాండు దాటాక టిఫిన్ బళ్లుంటాయి, అక్కడ ఆగండి. అల్లం చట్నీతో వేడి ఇడ్లీ, పెసర పునుగులు బాగుంటాయి, నలుగురికి రెండొందలు కూడా అవ్వలేదు. ఇడ్లీలు తీస్తున్న ఆవిడ మా కారు వంక చూసి, "ఏ ఊరు సారమ్మా?" అంది. కళింగపట్నం అనగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. చూశావా అన్నట్టు నా వైపు తిరిగింది. నేను ఆ పసుపు దీపం గురించి ఆవిడనీ అడిగాను, నాకు అనుమానం వస్తే ఎవరినైనా అడిగేస్తాను. "మా తమ్ముడి బండిలోనూ ఉంతాది. వాన పడితే ఎలుగుతాది," అంది. పక్కన టీ తాగుతున్న ఒకాయన, కాదు, హ్యాండ్ బ్రేకు సరిగ్గా దించకపోతే వెలుగుతుంది అన్నాడు. ఇద్దరూ ఎంత నమ్మకంగా చెప్పారంటే, ఇద్దరికీ తలూపాను.

బిల్లు కట్టి మళ్లీ బయల్దేరేటప్పుడు అమ్మకీ మావయ్యకీ ఎర్ర గుడ్డ జారిందా లేదా అని వాదన వచ్చింది. ఆ హడావుడిలో మావయ్య మీట నొక్కడం మర్చిపోయాడు. దీపం ఆరిపోయి ఉందని నేను చూశాను కానీ వాన తగ్గింది కదా, అందుకే ఆరింది కాబోలు అనుకున్నాను.

రాజాం దాటి చిలకపాలెం వైపు కొంత దూరం వెళ్లాం. ఎడమ పక్క పొలంలోంచి నారుకట్టల ట్రాక్టరు ఒకటి ఉన్నట్టుండి రోడ్డు మీదికి వచ్చింది. మావయ్య స్టీరింగు కుడికి లాగి, ఎదురుగా బస్సు కనిపించడంతో మళ్లీ ఎడమకి లాగాడు. ఎడమ చక్రాలు తారు దిగి తడి మట్టిలో పడ్డాయి. పైన బరువంతా అటు తూగింది. నాకు కిటికీలోంచి ఆకాశం కనపడాల్సిన చోట బురద కనిపించింది. సరిగ్గా అప్పుడే ఆ పసుపు దీపం టకటకా కొట్టుకుంది. కాళ్ల కింద ఎక్కడో గర్ర్ గర్ర్ మని చప్పుడు, బండిని వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని ఆపినట్టు జోరు తగ్గింది, ముక్కు రోడ్డు వైపు తిరిగింది, చక్రాలు తారు ఎక్కాయి. దీపం ఆరిపోయింది. రోడ్డు పక్కన ఆగాం. పాప నిద్రలోంచి లేచి ఏడుపు మొదలుపెట్టింది. భయం వేసింది, చాలా వేసింది, దాచడం ఎందుకు.

మావయ్య దిగి చక్రాలన్నీ చూసి వచ్చాడు. చెమటలు పట్టాయి ఆయనకి. "సూసేవా అమ్మీ, నొక్కడం మర్సిపోయేను. అందుకే బండి దానంతటది బ్రేకు పట్టీసింది," అని మీట మీదికి వేలు పెట్టాడు.

"ఉండు మావయ్యా," అన్నాను. ఎందుకు ఆపానో నాకు తెలియదు. బండి పట్టేసింది కాబట్టి పడబోయామా, పట్టేసింది కాబట్టి పడకుండా ఆగామా? ఆయన మొదటిది అంటున్నాడు, నాకు రెండోదేమో అనిపిస్తోంది, కానీ ముప్ఫై ఏళ్లు బండి నడిపిన మనిషికి స్కూటీ మనిషి ఏం చెబుతుంది? విజయనగరంలో కార్ల షోరూములో పనిచేసే మా చిన్నాన్న కొడుకు కిరణ్‌కి ఫోన్ చేశాను. ఫోన్ స్పీకర్లో పెట్టాను, అందరూ వినాలని.

"అక్కా, నేను బళ్లు అమ్ముతాను గానీ బాగుసెయ్యను. ఉండు, సర్వీసు వోళ్లని అడిగి సెప్తాను," అన్నాడు. పది నిమిషాల తర్వాత వాడే చేశాడు. "దాన్ని స్టెబిలిటీ కంట్రోల్ అంతారట. నువ్వు స్టీరింగు ఎటు తిప్పేవో అది సూస్తాది. బండి నిజంగా ఎటు పోతందో కూడా సూస్తాది. రెండూ కలవనేదనుకో, కావలసిన సక్రానికి మాత్రం దానంతటదే బ్రేకు ఏసి ఇంజను జోరు తగ్గిస్తాది, బండి అడ్డంగా జారిపోకుండా. అడ్డంగా జారే బండి సక్రం మట్టిలో దిగినా, రాయికి తగిలినా బోల్తా కొట్టీగలదు."

"మరి దీపం ఎలిగితే పని సేస్తన్నట్టా, ఆరితే సేస్తన్నట్టా?" అని అడిగాను.

"ఆరిపోయుంతే పని సేస్తన్నట్టు. కొట్టుకుంతే అప్పుడే బండిని పట్టుకుంతన్నట్టు. ఆరకుండా ఎలుగుతుంతే ఎవులో ఆపీసేరని, నేదంటే పాడైందని. ఇసకలో ఇరుక్కుంతే ఆపుతారక్కా, అక్కడ అది ఇంజనుని తొక్కి పట్టీస్తాది. మావయ్య సేసింది ఇసకలో అయితే కరెక్టే. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు సేస్తే మామూలుగా దానంతటదే వచ్చీస్తాది."

అంటే పొద్దుట దీపం నిండుగా వెలిగి మాకు ధైర్యం చెప్పినంతసేపూ ఆ పని చేసేది పడుకునే ఉంది. ఇడ్లీల దగ్గర ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేశాక, మావయ్య మర్చిపోయినందుకు, అది లేచింది. వెలుతురుంటే మంచిది, చీకటైతే చెడ్డది అని నమ్ముకుని బతుకుతున్న నాకు ఇది ఎక్కడ మింగుడు పడుతుంది? మావయ్య ముఖం కూడా చూడాలి. ఆయన మీట మీద నుంచి వేలు తీశాడు కానీ నమ్మినట్టు లేడు.

"అయితే ఇంకేటి, దాన్ని ముట్టుకోకుంతే సరిపోతాది. పోదాం పదండి," అంది అమ్మ.

నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. అదే అడిగాను. ఫోన్లో కిరణ్ ఎదురు ప్రశ్న వేశాడు. "అక్కా, పైన ఏటైనా కట్టేరా?" అన్నాడు. సారె అని చెప్పాను. "ఓలమ్మా, దింపీయండి. బండికి తలబరువైతే ఊరికే ఒరిగిపోతాది. అది సాయం పడతాది గానీ బరువు దింపదు కదా. ఇయ్యాల పట్టుకుంది, రేపు మలుపు దగ్గర పట్టుకుంతాదో నేదో ఎవులు సెప్తారు?"

ఇక్కడి నుంచి గొడవ. ఇరవై ఏళ్లుగా సారెలు మోస్తున్నాను, ఒక్క అరిసె విరగలేదని మావయ్య. కట్టిన సారె దారిలో దింపితే అపశకునమని, ఖాళీ క్యారియర్‌తో వెళ్తే అత్తవారి వీధిలో గౌరి తల దించుకోవాలని అమ్మ. ఆ మాట అబద్ధం కాదు. సారె తక్కువైందన్న మాట ఒకటి పడితే కోడలి చెవిలో అది ఏళ్ల తరబడి మోగుతుంది, మా పిన్నికి జరిగింది నేను చూశాను. నేను మధ్యలో నిలబడి అమ్మ మాట్లాడితే అమ్మే రైటనీ, కిరణ్ మాట గుర్తొస్తే వాడే రైటనీ ఊగిసలాడాను. దాన్ని ముట్టుకోకుండా మెల్లగా పోతే సరిపోదా? మెల్లగా అంటే ఎంత మెల్లగా? ఎదురుగా మళ్లీ ట్రాక్టరు వస్తే మెల్లగా తప్పుకుంటామా? నా బుర్ర పనిచేయడం మానేసింది.

గౌరి ఏమీ వాదించలేదు. పాపకి పాలు పట్టి, కొంగు సర్దుకుని, రోడ్డు పక్క కల్లంలో ఉన్న రేకుల చావడి కింద నిలబడింది. అమ్మ రమ్మని పిలిచింది. మావయ్య ఇంజను కూడా స్టార్టు చేశాడు.

"సారె దింపితేనే నాను ఎక్కుతాను," అంది గౌరి.

"మీ అత్త అడిగితే ఏటి సెప్తావే?" అంది అమ్మ.

"ఏటో ఒకటి సెప్తాను. నాను ఎక్కను."

చిన్నప్పటి నుంచి ఏ చీర కట్టుకోవాలో కూడా అమ్మనే అడిగే పిల్ల అది. గొంతు పెంచలేదు. అక్కడే, పాపని ఊపుతూ నిలబడింది. అమ్మ కాసేపు దాన్నీ, కాసేపు ఎర్ర గుడ్డనీ చూసి, ఆఖరికి మావయ్యతో, "ఒరే సింహాచలం, ఇక్కడెవులికైనా ట్రాలీ ఆటో ఉన్నాదా?" అంది.

రాజాంలో మావయ్యకి తెలిసినవాడి ట్రాలీ ఆటో ముప్పావుగంటలో వచ్చింది. కళింగపట్నం వరకూ పద్దెనిమిది వందలు. గంపలన్నీ దాని వెనక నేలబారుగా పేర్చి, గెలలు గోడలకి ఆనించి కట్టారు. సారెని ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టి పంపనని అమ్మ ఆటో ముందు సీట్లో తానే ఎక్కి కూర్చుంది. మేం కారులో దాని వెనక. చిలకపాలెం దగ్గర పెద్ద హైవే ఎక్కాం, శ్రీకాకుళంలో భోజనం చేశాం. మీరైతే ఇక్కడే పనులన్నీ చూసుకోండి, గార దాటాక సరైన హోటలు దొరకడం కష్టం. సొంత బండి లేనివాళ్లకి శ్రీకాకుళం బస్ కాంప్లెక్సు నుంచి కళింగపట్నానికి బస్సులున్నాయి. దారి పొడుగునా మలుపు వచ్చినప్పుడల్లా నేను డ్యాష్‌బోర్డు వంకే చూశాను. దీపం వెలగలేదు. వెలగనందుకు సంతోషించాలని మాటిమాటికీ నాకు నేను గుర్తు చేసుకోవలసి వచ్చింది.

సముద్రం దగ్గరపడ్డాక గౌరి అత్తవారి సందు అంతా ఇసక. కారు చక్రాలు గిర్రున తిరిగాయి, ఇంజను మూలిగింది, దీపం కొట్టుకుంది. మావయ్య నా వైపు తిరిగి, "ఇప్పుడు నొక్కమంతావా, వద్దంతావా?" అని నిజంగానే అడిగాడు. ఇసకలో కరెక్టే అన్నాడు కదా కిరణ్ అన్నాను, గొంతులో నమ్మకం లేకుండా. నొక్కాడు. బండి గెంతుతూ గట్టి నేల ఎక్కింది. ఆ ఒక్క విషయంలో మావయ్య మొదటి నుంచీ చెప్పింది నిజం.

వాకిట్లో గౌరి అత్తగారు నిలబడి ఉన్నారు. అప్పటికే వీధిలో ఆడవాళ్లు ట్రాలీ ఆటో చుట్టూ మూగారు. ఆవిడ ఖాళీ క్యారియర్ వంక చూసి, "అదేటి వదినా, కారు మీద కట్టుకుని రానేదేటి? ఇలగ సామాను ఆటోలో తెచ్చేరు?" అన్నారు. ఏదో ఒకటి సర్దిచెప్పాలని నేను ముందుకి వచ్చాను.

"నానే దింపించేనత్తా," అంది గౌరి. "దారిలో బండి ఒరిగిపోయింది. పాపుంది కదా అని దింపితేనే ఎక్కుతానన్నాను."

ఆవిడ కోడలి ముఖంలోకి చూశారు. తర్వాత చేతులు చాచి పాపని అందుకుని, తల నుంచి అరికాళ్ల వరకూ తడిమారు. "పిల్లదానికి దెబ్బేటీ తగల్నేదు కదా?" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అమ్మ మాత్రం ఆ మౌనానికి అర్థం ఏమిటో తెలియక సాయంత్రం దాకా నన్ను వంటింట్లోకి లాగి, "కోపమొచ్చిందంతావా?" అని అడుగుతూనే ఉంది.

సాయంత్రం అరిసెలు పంచడానికి అత్తగారితో పాటు నేనూ వెళ్లాను. మొదటి ఇంటి గుమ్మంలో ఆవిడ ఆకులో అరిసెలు పెడుతూ మొదలుపెట్టారు. "సారంతా కారు మీదే కట్టేరు. కారు తూలిపోతంతే మా కోడలు దిగిపోయి, ఇది దింపితేనే గానీ ఎక్కనందట. వోళ్లమ్మ మాట కూడా ఇన్నేదు." రెండో ఇంటికి వెళ్లేసరికి ఆవిడ కథలో కారు సగం పడిపోయింది. మూడో ఇంట్లో బ్రేకు వేసింది కూడా గౌరే. నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను. నాకే సరిగ్గా తెలియని విషయం ఆవిడకేం చెప్పను? రాత్రి అమ్మకి ఈ సంగతి చెబితే నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది.

ఇంటికి వచ్చాక చాలాసార్లు ఆలోచించాను. ఆ తడి మట్టిలో మమ్మల్ని ఆపింది దీపం కొట్టుకున్న ఆ యంత్రమా, మావయ్య చేతి పనితనమా, మట్టి మరీ మెత్తగా లేకపోవడమా, నాకు తెలియదు. సారె దింపకుండా వెళ్లినా ఏమీ జరిగేది కాదేమో, అదీ తెలియదు. జరగని ప్రమాదానికి రుజువు ఎక్కడ తెస్తాం? పాప ఇప్పుడు బోర్లా పడుతోందని గౌరి వీడియో పంపింది, అది చూసినప్పుడు మాత్రం రుజువు అక్కర్లేదనిపిస్తుంది. మీరు వెళ్లేటప్పుడు బరువులు కారులో కిందే పెట్టుకోండి, పసుపు దీపం ఆరకుండా వెలుగుతుంటే ఎందుకని డ్రైవరుని అడగండి. ఇవి మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. బండి మీద అనుమానం వస్తే, ఎవరు రైటో తేల్చుకునేదాకా లోపల కూర్చుని వాదించకండి, పిల్లని ఎత్తుకుని దిగి నిలబడండి. మీరు ఎక్కకుండా బండి కదలదు.